ఒక్క అబద్ధం ఆడి, మిగతాదంతా నిజం చెప్పే సినిమాలు

ఈసారి సైన్స్ ఫిక్షన్ సినిమాల మీద వచ్చిన ప్రశ్నల్లోంచి కొన్ని తీసుకున్నాను. ఒక్కోదానికి ఎంత చెప్పాలనిపిస్తే అంత రాశాను.

ప్రశ్న: మీకు బాగా నచ్చిన సైన్స్ ఫిక్షన్ సినిమా ఏది? పది పేర్లు వద్దు, ఒక్కటే చెప్పండి. ఎందుకు నచ్చిందో కూడా.

జవాబు: ‘గాటకా’. 1997లో వచ్చింది. డీఎన్ఏని రాయడానికి వాడే జి, ఎ, టి, సి అనే నాలుగు అక్షరాలతోనే ఆ పేరు కట్టారు. బిడ్డ పుట్టగానే ఒక్క రక్తపు చుక్క తీసి, ఏ జబ్బులు వస్తాయో, ఎన్నేళ్లు బతుకుతాడో చెప్పేసే లోకం అది. విన్సెంట్ అనే పిల్లాడికి గుండె జబ్బు వచ్చే అవకాశం చాలా ఎక్కువనీ, ఆయుష్షు 30 ఏళ్ల దగ్గరే ఆగిపోతుందనీ పుట్టిన నిమిషంలోనే చదివి వినిపిస్తారు. అతనికేమో అంతరిక్షంలోకి వెళ్లాలని కోరిక. ఆ జన్యువులతో ఆ ఉద్యోగం రాదు కాబట్టి ఇంకొకడి పేరు పెట్టుకుని, ఇంకొకడి రక్తం, ఇంకొకడి మూత్రం, ఇంకొకడి వెంట్రుకలు దగ్గర పెట్టుకుని రోజూ ఆఫీసుకు వెళ్తాడు. పొద్దున్నే ఒంటిని గట్టిగా రుద్దుకుని, రాలిందంతా కాల్చేస్తాడు, ఎందుకంటే ఒక్క కనురెప్ప వెంట్రుక దొరికినా అతని పని అయిపోయినట్టే.

ఇందులో మనం నమ్మాల్సిన అబద్ధం ఒక్కటే, రక్తం చూసి మనిషి బతుకంతా తేల్చేయవచ్చని. దాన్ని ఒప్పుకున్నాక ఆ ఉద్యోగాలు, ఆ ప్రేమలు, అన్నదమ్ముల మధ్య ఆ పోటీ, అన్నీ అలా కాక ఇంకెలా జరుగుతాయి అనిపిస్తుంది. నాకు సైన్స్ ఫిక్షన్‌లో కావలసింది ఇదే. లోకంలో ఒక్క నియమం మార్చి, దాని వల్ల మనుషుల బతుకు ఏమవుతుందో చివరిదాకా నిజాయితీగా చూపించాలి, మధ్యలో కథ ఇరుక్కుపోయిందని ఇంకో కొత్త నియమం తెచ్చి అతికించకూడదు. అన్నదమ్ములిద్దరూ సముద్రంలో ఈతకు దిగుతారు, ముందు వెనక్కి తిరిగినవాడు ఓడినట్టు. బలహీనుడనుకున్న విన్సెంట్ గెలుస్తాడు. ఎలా గెలిచావని తమ్ముడు అడిగితే, ఒడ్డుకు తిరిగి రావడానికంటూ బలం దాచుకోలేదని చెబుతాడు. ఆ సీను చూసిన ప్రతిసారీ నా గొంతు పట్టేస్తుంది. మానవ జన్యుక్రమాన్ని చదివే ప్రాజెక్టు పూర్తయింది 2003లో, ఈ సినిమా దానికి ఆరేళ్ల ముందుది!

ప్రశ్న: పాత సినిమాలు చూడమని అందరూ అంటారు కానీ గ్రాఫిక్స్ చూస్తే ఉత్సాహం పోతుంది. గ్రాఫిక్స్ లేని సైన్స్ ఫిక్షన్‌లో ఏముంటుందండీ?

జవాబు: 1962లో ఫ్రాన్స్‌లో తీసిన ‘లా జెతే’ చూడండి, 28 నిమిషాలే. యుద్ధం తర్వాత భూమి కింద బతుకుతున్న ఒక ఖైదీని గతంలోకి పంపుతారు, కథ అది. సినిమా దాదాపు మొత్తం కదలని ఫొటోలే, వెనకాల ఒక గొంతు కథ చెబుతూ ఉంటుంది. ఒక్కచోట మాత్రం, అతను ప్రేమించే స్త్రీ పడుకుని ఉండి, కళ్లు తెరిచి రెప్ప వేస్తుంది. అంతసేపూ ఫొటోలే చూసిన మనకి ఆ చిన్న కదలికతో ప్రాణం లేచొస్తుంది. కోట్లు పోసి గ్రహాలు పేల్చినా నాకు అలా ఎప్పుడూ అనిపించలేదు.

గ్రాఫిక్స్‌కే పేరు మోసిన ‘జురాసిక్ పార్క్’ (1993) తీసుకున్నా, రెండు గంటల సినిమాలో డైనోసార్లు తెర మీద కనిపించేది దాదాపు పావుగంట. అందులోనూ కంప్యూటర్‌తో చేసినవి కొన్ని నిమిషాలే, మిగతావి చేత్తో తయారుచేసిన బొమ్మలు. టీ రెక్స్ అనే పెద్ద డైనోసార్ రాకముందు గ్లాసులో నీళ్ల మీద వలయాలు లేస్తాయే, ఆ వలయాల కోసం కారులో కింద గిటార్ తీగ బిగించి మీటారు. జంతువు ఇంకా కనిపించనే లేదు, మనకి మాత్రం అప్పటికే చెమట పట్టేసింది.

ప్రశ్న: ‘ఇంటర్‌స్టెల్లార్’లో ఒక గ్రహం మీద గడిపే ఒక గంట భూమి మీద ఏడేళ్లతో సమానం అంటారు. అది నిజంగా సాధ్యమా, సినిమా కోసం పెట్టిందా?

జవాబు: సాధ్యమే. గురుత్వాకర్షణ ఎంత ఎక్కువుంటే కాలం అంత నెమ్మదిగా నడుస్తుందని ఐన్‌స్టీన్ చెప్పాడు. ఇది మన ఫోన్లలో కూడా పనిచేస్తోంది. జీపీఎస్ ఉపగ్రహాల్లోని గడియారాలు, వాటి వేగం వల్ల తగ్గేది తీసేసినా, నేల మీది గడియారాల కంటే రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి, ఆ తేడా సరిచేయకపోతే మ్యాప్ తప్పు దారి చూపిస్తుంది. గంటకు ఏడేళ్లు అంత తేడా రావాలంటే మాత్రం అతి భారీ కృష్ణబిలం (వెలుగును కూడా బయటికి పోనివ్వని బ్లాక్ హోల్), అదీ దాదాపు గరిష్ఠ వేగంతో తిరుగుతూ, గ్రహం దానికి చాలా దగ్గరగా ఉండాలి. 2014లో వచ్చిన ఈ సినిమాకి ఆ లెక్కలు వేసింది కిప్ థోర్న్ అనే భౌతిక శాస్త్రవేత్త, గురుత్వ తరంగాల పనికి 2017లో నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు.

లెక్క సరిపోయింది కాబట్టే సినిమా గొప్పదైందని మాత్రం నేను అనను. ఆ నీళ్ల గ్రహం మీద కొద్ది గంటలు గడిపి వచ్చేసరికి బయట 23 ఏళ్లు దాటిపోతాయి, హీరో కూర్చుని పిల్లలు పంపిన వీడియోలు వరసగా చూస్తాడు. కొడుకు పెద్దవాడవుతాడు, తండ్రవుతాడు, నాన్న ఇక రాడని ఆశ వదిలేసుకుంటాడు. ఆ తర్వాత కూతురు తెర మీదకి వస్తుంది, నువ్వు వెళ్లినప్పటి వయసు ఇప్పుడు నాది అంటుంది. సూత్రాలు రానివాళ్లకి కూడా కాలం అంటే ఏమిటో ఆ కొద్ది నిమిషాల్లో అర్థమైపోతుంది. ప్రేమ కూడా ప్రకృతి శక్తుల్లాంటిదే అన్నట్టు సాగే మాటలు మాత్రం నాకు నచ్చలేదు. పైన చెప్పానే, ఇంకో నియమం తెచ్చి అతికించడమని, అదే ఇది. ఆ వీడియోల సీనులో ప్రేమ కళ్లముందే ఉంది కదా, మళ్లీ నోటితో చెప్పడం ఎందుకు?

ప్రశ్న: ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ మూడుసార్లు మొదలుపెట్టాను, మూడుసార్లూ నిద్రపోయాను. అందరూ దాన్ని గొప్ప అంటుంటే నాలోనే లోపం ఉందేమో అనిపిస్తోంది.

జవాబు: మీలో ఏ లోపమూ లేదు. అందులో మొదటి మాట వినిపించేదే సుమారు 25 నిమిషాల తర్వాత, కథ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఎవరికైనా నిద్ర వస్తుంది. ఈసారి ఫోన్ పక్కన పెట్టి, చీకట్లో, వీలైనంత పెద్ద తెర మీద చూడండి. శబ్దాలు గమనించండి. అంతరిక్షంలో గాలి లేదు కాబట్టి అక్కడ శబ్దం ఉండదు, ఈ సినిమా ఆ మాటకి కట్టుబడింది. వ్యోమగామి బయట ఉన్నప్పుడు వినిపించేది అతని ఊపిరి ఒక్కటే. ఆ ఊపిరి ఆగిపోయిన క్షణం నాకు ఏ దయ్యాల సినిమా కంటే ఎక్కువ భయం వేసింది. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టడానికి ఏడాది ముందు, 1968లో వచ్చింది ఇది.

అప్పటికీ నచ్చకపోతే వదిలేయండి. ‘ఏలియన్’ (1979) పెట్టుకోండి, అందులో అంతరిక్షంలో తిరిగేవాళ్లు వీరులు కారు, సరుకు మోసే ఉద్యోగులు, బోనస్‌లో తమ వాటా తక్కువైందని గొడవపడుతుంటారు. అలాంటి మనుషులు కాబట్టే వేరే గ్రహం నుంచి ఒక భయంకరమైన జంతువు వాళ్ల మధ్యకి వచ్చినప్పుడు మనం అంత టెన్షన్ పడతాం.

ప్రశ్న: తెలుగులో ఒక్కటైనా చెప్పరా?

జవాబు: ‘ఆదిత్య 369’, 1991, సింగీతం శ్రీనివాసరావు గారిది. కాలయంత్రం ఎక్కి గతంలోకీ, భవిష్యత్తులోకీ వెళ్లే కథ. అందరూ కృష్ణదేవరాయల భాగం గురించే మాట్లాడతారు, నాకు మాత్రం 2504వ సంవత్సరం భాగం ఇంకా గుర్తుంది. అణుయుద్ధం తర్వాత మనుషులు నేల కింద బతుకుతుంటారు. పిల్లలతో కలిసి చూసే సినిమాలో ఆ మాట చెప్పడానికి ధైర్యం కావాలి.

ప్రశ్న: మా పాపకి తొమ్మిదేళ్లు. మొదటి సైన్స్ ఫిక్షన్ సినిమా ఏది చూపించమంటారు?

జవాబు: ‘వాల్-ఇ’ (2008). మనుషులంతా వెళ్లిపోయిన భూమి మీద ఒక చిన్న రోబో 700 ఏళ్లుగా చెత్త ఎత్తుతూ ఉంటుంది. మొదటి అరగంటలో మాటలు దాదాపు ఉండవు, అయినా రోబో ఒంటరితనం పిల్లలకి ఇట్టే తెలిసిపోతుంది. ఆ తర్వాత ‘ది ఐరన్ జెయింట్’ (1999), ఆయుధంగా తయారైన పెద్ద ఇనుప మనిషి, ఆయుధంగా ఉండనని తనే నిర్ణయించుకునే కథ. చివర్లో పాప ఏడవొచ్చు, సినిమా ఆపకండి, పక్కనే కూర్చోండి.