మీ ప్రశ్న – మా జవాబు: వీసా గడువు అక్టోబరులో, అపాయింట్‌మెంట్ డిసెంబరులో

ప్రశ్న: జర్మనీలో ఎం.ఎస్. చదువుతున్నాను. వీసా అక్టోబరు 10తో అయిపోతుంది. ఫారినర్స్ ఆఫీసులో డిసెంబరు దాకా అపాయింట్‌మెంట్లు లేవు. ఆ రెండు నెలలూ నేను చట్టవిరుద్ధంగా ఉన్నట్టా?
– ఒక విద్యార్థిని, మాగ్డెబర్గ్

జవాబు: పదో తేదీలోపు మీ దరఖాస్తు వాళ్లకు అందితే కాదు. నివాస చట్టం 81వ సెక్షన్ 4వ క్లాజు ప్రకారం, నిర్ణయం వెలువడేదాకా పాత వీసాయే చెల్లుతుంది. పార్ట్‌టైమ్ పని హక్కూ, అంటే ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు, అలాగే ఉంటుంది.

చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే. అపాయింట్‌మెంట్ అడిగితే దరఖాస్తు పెట్టినట్టు కాదు. ‘దయచేసి తేదీ ఇవ్వండి’ అని మాత్రమే రాసిన మెయిలును నమ్ముకోకండి. ‘చదువు నిమిత్తం నివాస అనుమతి మంజూరు చేయమని ఇందుమూలంగా దరఖాస్తు చేస్తున్నాను’ అన్న వాక్యం జర్మన్‌లో ఉండాలి. పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, వీసా గడువు రాయండి. మీ ఊరి ఆఫీసుకు ఆన్‌లైన్ పోర్టల్ ఉంటే అందులోనే పెట్టి, చివర వచ్చే రసీదు దాచుకోండి. లేకపోతే మెయిలుతోపాటు రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపండి. నాలుగు యూరోలు ఎక్కువైనా నిశ్చింత.

జతచేయాల్సినవి: పాస్‌పోర్టు, యూనివర్సిటీ ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్, ఆరోగ్య బీమా పత్రం, ఆన్‌మెల్డుంగ్ (ఇంటి చిరునామా నమోదు) కాగితం, అద్దె ఒప్పందం, డబ్బు రుజువు. దరఖాస్తు ఆగిపోయేది ఎక్కువగా డబ్బు దగ్గరే. బ్లాక్డ్ అకౌంట్లో (నెలకు ఇంత అని మాత్రమే తీయగలిగే ఖాతాలో) కిందటేడు వేసింది చూపిస్తే చాలదు. రాబోయే ఏడాదికి నెలకు 992 చొప్పున 11,904 యూరోలు కనబడాలి. పార్ట్‌టైమ్ జీతం ఉంటే కాంట్రాక్టూ పే స్లిప్పులూ పెట్టండి. పాస్‌పోర్టు గడువూ చూసుకోండి, దాన్ని దాటి నివాస అనుమతి కార్డు ఇవ్వరు.

2025 మే నుంచి కాగితం ఫొటో పనికిరాదు. గుర్తింపు ఉన్న స్టూడియోలో డిజిటల్‌గా తీయించుకుంటే క్యూఆర్ కోడ్ ఇస్తారు, దాన్ని తీసుకెళ్లండి. మొదటి కార్డుకు ఫీజు 100 యూరోలు. కార్డు బెర్లిన్‌లో అచ్చయి వస్తుంది కాబట్టి ఇంకొన్ని వారాలు పడుతుంది. ఈలోగా పోస్టు డబ్బా మీద మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో చూడండి. డబ్బా మీద ‘రెడ్డి’ అని ఒక్క ముక్క, కవరు మీద నాలుగు ముక్కల పేరు ఉంటే ఉత్తరం తిరుగుటపా అయ్యే ప్రమాదముంది.

ప్రశ్న: దరఖాస్తు పెట్టాను, కార్డు రాలేదు. అక్క పెళ్లికి వరంగల్ వెళ్లి రావచ్చా?
– ఒక పాఠకుడు, కెమ్నిట్జ్

జవాబు: చేతిలో ఫిక్షన్స్‌బెషైనిగుంగ్, అంటే దరఖాస్తు మీద నిర్ణయం వచ్చేదాకా ఆఫీసు ఇచ్చే తాత్కాలిక ధ్రువపత్రం, ఉంటేనే. దరఖాస్తు అందిందన్న మెయిలు చూపిస్తే శంషాబాద్ చెక్‌ఇన్ కౌంటర్లోనే ఆపేస్తారు. ఆ కాగితం లోపల గళ్లుంటాయి. 81వ సెక్షన్ 4వ క్లాజు అన్న గడిలో టిక్ ఉంటే తిరిగి రావచ్చు. 3వ క్లాజు గడిలో ఉంటే దేశం దాటాక దాంతో వెనక్కి రాలేరు. గడువు తీరిన వీసా లేదా పాత కార్డు కూడా వెంట ఉండాలి, రెండూ కలిస్తేనే విలువ. టికెట్ కొనేముందు తిరుగు ప్రయాణం తేదీ ఆ కాగితం గడువులోపల ఉందో లేదో చూసుకోండి.

ప్రశ్న: షేరింగ్ ఫ్లాట్లో చేరాను. ఇంటి ఓనరు ఆన్‌మెల్డుంగ్‌కు సంతకం పెట్టనంటున్నాడు.
– ఒక పాఠకుడు, బెర్లిన్

జవాబు: చేరిన రెండు వారాల్లో నమోదు చేసుకోవాలి, అద్దె ఒప్పందం దానికి సరిపోదు. గది మీకు అద్దెకిచ్చింది అసలు అద్దెదారే అయితే, ఇల్లిచ్చినవారిగా ఆయన సంతకం చాలు. ఎవరూ పెట్టకపోతే ఆ సంగతి నమోదు కార్యాలయానికి వెంటనే రాసి ఇవ్వండి. పెట్టనివారికి 1,000 యూరోల దాకా జరిమానా పడొచ్చు. వాట్సాప్ గ్రూపుల్లో అడ్రసు అమ్ముతామనేవాళ్ల జోలికి మాత్రం పోకండి. ఉండని ఇంటికి అడ్రసు ఇచ్చినవాడికి జరిమానా 50,000 యూరోల దాకా ఉంటుంది, తప్పుడు నమోదుకు మీ మీదా పడుతుంది.