11 నెలల అగ్రిమెంటు ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారు నోటిమాట మీదే ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో అద్దెకున్నారు. ఇప్పుడు ఏ ఓనరును అడిగినా 11 నెలల అగ్రిమెంటే అంటున్నారు. మూడేళ్లకు రాసుకోకూడదాండీ?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: రాసుకోవచ్చు. కానీ 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం దేశంలో మామూలుగా ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలి. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 1999 సవరణతో ఎంత గడువు లీజైనా రిజిస్టర్ చేయించాల్సిందే. స్టాంపు డ్యూటీ, ఫీజు పడతాయి. ఆ ఖర్చూ తిరుగుడూ తప్పించుకోడానికే ఈ 11 నెలల అలవాటు వచ్చింది. మూడేళ్లని రాసుకుని రిజిస్టర్ చేయించకపోతే, గొడవొచ్చినప్పుడు ఆ గడువును కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. మామూలుగా దాన్ని నెలవారీ అద్దె కిందే చూస్తారు. అంటే 15 రోజుల నోటీసిచ్చి ఖాళీ చేయమనొచ్చు.

11 నెలల కాగితమైనా సరే, అడ్వాన్స్ ఎంత, ఖాళీ చేసేటప్పుడు రంగులకని అందులో ఎంత కోస్తారు, ఏటా పెంపు ఎంత శాతం అన్నవి అంకెల్లో రాయించండి. పేచీలు ఎక్కువగా ఆ రంగుల దగ్గరే! చేరిన రోజే గోడలకు, కరెంటు మీటరు రీడింగుకు ఫొటోలు తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపండి.