అడగండి, చెబుతా: తువాలు తెలుపు

ప్రశ్న: సార్, మాది శ్రీకాళహస్తి పక్కన పల్లె. పదకొండేళ్లుగా కలంకారీ పనికి పోతున్నా. గీత గీసేది వేరేవాళ్లు. గుడ్డ నానబెట్టేది, పటిక పూసేది, కాచేది, స్వర్ణముఖిలో జాడించేది నేను. మొన్న క్రిస్మస్‌కు ఏసయ్య శిష్యుల కాళ్లు కడిగే పటం ఒకటి చేసినాం. ఫొటో తీసేటప్పుడు నన్ను పక్కకు జరగమన్నారు. ప్రార్థనలో పాస్టరమ్మ ‘నువ్వు దేవుని స్వరూపంలో పుట్టినదానివి’ అంటుంది. వినేదానికి బాగుంటుంది గానీ ఇంటికొచ్చి నా చేతులు చూసుకుంటే నమ్మబుద్ధి కాదు.
— ఒక చెల్లెలు

జవాబు: అమ్మణ్ణీ, ముందు నా తప్పు చెప్పుకుంటా. చిత్తూరులో డ్రాయింగ్ సారుగా ఉన్నప్పుడు ఒక చర్చికి క్రిస్మస్ తెర గీసినాను. గుడ్డకు జిగురు పట్టించి, ఆకాశమంతా నీలం నింపింది నా దగ్గర పనిచేసే పిల్లోడు. నేను చుక్క, మరియమ్మ ముఖం వేసి కింద సంతకం పెట్టుకున్నా. వాడు నిచ్చెన పట్టుకుని చూస్తా ఉండినాడు. నీ ఉత్తరం చదువుతుంటే ఆ నిచ్చెనే గుర్తొచ్చింది.

పాస్టరమ్మ చెప్పిన మాట ఆదికాండం మొదటి అధ్యాయంలోది. ఓదార్పుకు వాడి వాడి దాన్ని అరగదీసినాం. అక్కడ దేవుడు చేసేది పని. వెలుగును చీకటిని వేరుచేస్తాడు, చేసింది చూసుకుని మంచిదనుకుంటాడు. నిర్గమకాండం 31లో దేవుని ఆత్మతో నిండినవాడని చెప్పిన బెసలేలు ప్రవక్తా కాదు, రాజూ కాదు. బంగారం, రాయి, కొయ్య చెక్కే పనివాడు. 35వ అధ్యాయంలో తమ చేతులతో వడికి నీలం, ఊదా, ఎరుపు నూలు తెచ్చిన ఆడవాళ్లున్నారు. వివేకం గలవాళ్లని రాసినారు, పేర్లు మాత్రం రాయలేదు. బెసలేలుకైతే తాత పేరు కూడా ఉంది! చూసినావా, నీ గొడవ ఎంత పాతదో.

ఇక నీ చేతుల సంగతి. కరక్కాయ, పాలు సరిగ్గా పట్టకపోతే ఎంత గొప్ప కలమైనా గీత చెదిరిపోతుంది. పటిక పూసినప్పుడు ఎరుపు ఎక్కడుంది? నువ్వు రంగునీళ్లలో కాచినాకే తేలుతుంది. ఆ పటంలో ఏసయ్య నడుముకు చుట్టుకున్న తువాలు తెల్లగా ఉందా? కలంకారీలో తెలుపు ఎవరూ పూయరు. పేడనీళ్లలో నానేసి, ఏట్లో ఉతికి, ఎండలో ఆరేసి నువ్వు తేల్చిన గుడ్డ తెలుపే అది. కాళ్లు కడగడం ఆ కాలంలో దాసుల పని. ఆ పటం చేసినవాళ్లకే ఇది తట్టలేదంటే ఏమనాలి!

అట్లని ‘దేవుడు చూస్తాడులే’ అని ఊరుకోవద్దు. ఆ మాట కూలికీ పేరుకీ బదులు కాదు. మీ యజమానిని నేరుగా అడుగు. ‘అన్నా, అంచు మడిచి కుట్టే చోట నా పేరులో మొదటి అక్షరం రాసుకుంటా’ అని. ఒప్పుకుంటే మీ నల్లరంగు కసిమితోనే రాయి. కరక్కాయ పట్టిన గుడ్డ మీద ఆ నలుపు ఎన్ని ఉతుకులకూ పోదని నీకు నేను చెప్పాలా? ఒప్పుకోకపోతే ఏమన్నాడో నాకు రాయి.