గ్లూటెన్ ఫ్రీ బిస్కెట్ తిన్నా కడుపు ఉబ్బుతోంది.. ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కావలి. నా వయసు 34. రెండేళ్ళ కిందట రక్తపరీక్ష, ఎండోస్కోపీ చేసి సీలియాక్ వ్యాధి (గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) అని తేల్చారు. అప్పటి నుంచి గోధుమ, మైదా నోట పెట్టలేదు. అన్నం తిన్న రోజుల్లో చాలావరకు బాగానే ఉంటుంది. కానీ గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉన్న బిస్కెట్లు, నూడుల్స్, మల్టీగ్రెయిన్ పిండి ఏది తిన్నా రెండు మూడు గంటల్లో కడుపు ఉబ్బిపోయి విరేచనాలు అవుతున్నాయి. మర్నాడంతా తలనొప్పి, నీరసం. నోట్లో పుండ్లు కూడా వస్తున్నాయి. ఈ మధ్య చేయించిన టీటీజీ పరీక్షలో (సీలియాక్‌ని పట్టే యాంటీబాడీల రక్తపరీక్ష) విలువ ముందుకంటే బాగా తగ్గింది గానీ, ఇంకా నార్మల్‌కి రెట్టింపు ఉంది. మావారికి షుగర్. రాత్రిపూట ఆయనకి చపాతీలు చేస్తాను, నేను తినను. ఇంట్లోవాళ్ళేమో ‘ప్యాకెట్ మీద అంత స్పష్టంగా రాసి ఉంటే ఇంకా అనుమానమేంటి, అంతా నీ టెన్షన్’ అంటున్నారు. మా పాపకి తొమ్మిదేళ్ళు, తనూ సన్నగా ఉంటుంది. తనకి కూడా గోధుమ మాన్పించేద్దామా అని ఆలోచిస్తున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ ఇంట్లోవాళ్ళకి ఒక మాట చెప్పండి. టెన్షన్ వల్ల కడుపు ఉబ్బొచ్చు, విరేచనాలు కూడా కావచ్చు. కానీ టెన్షన్‌తో టీటీజీ పెరగదు. మొదట్లో ఈ విలువ చాలా ఎక్కువగా ఉన్నవాళ్ళకి దిగడానికి సమయం పడుతుంది, నిజమే. అయినా రెండేళ్ళ తర్వాత రెట్టింపు దగ్గర ఆగిందంటే, మీకు తెలియకుండా ఎక్కడో గ్లూటెన్ లోపలికి వెళ్తోందని ముందుగా అనుమానించాలి. అది ప్యాకెట్ నుంచే వస్తోందా అన్నది రెండో ప్రశ్న.

‘గ్లూటెన్ ఫ్రీ’ అంటే గ్లూటెన్ సున్నా అని కాదు. మన దేశంలో ఆహార ప్రమాణాలు చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ప్రకారం కిలో ఆహారంలో 20 మిల్లీగ్రాములకు మించకపోతే ఆ మాట రాసుకోవచ్చు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన హద్దు కూడా అదే. 20 నుంచి 100 మధ్య ఉంటే ‘లో గ్లూటెన్’ అంటారు. అలాంటివి మీరు కొనకండి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూద్దాం. రోజు మొత్తం మీద 10 మిల్లీగ్రాముల లోపు గ్లూటెన్ అందితే సీలియాక్ ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి పేగు దెబ్బతినదు. ఇటలీ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో రోజుకి 50 మిల్లీగ్రాముల చొప్పున 90 రోజులు ఇస్తే పేగు లోపలి పొర దెబ్బతింది. నిజంగా హద్దులో ఉన్న బిస్కెట్లు 100 గ్రాములు తిన్నా అందేది మహా అయితే 2 మిల్లీగ్రాములు. పది మిల్లీగ్రాములు దాటాలంటే అరకిలో తినాలి. మీరు తినేది నాలుగు బిస్కెట్లు. మరి నాలుగు బిస్కెట్లకే అంత బాధ ఎందుకు?

దీనికి మూడు కారణాలు ఉండొచ్చు. ఒకటి, ఆ ప్యాకెట్ హద్దులో లేకపోవడం. గోధుమ బిస్కెట్లు చేసే మెషీన్ మీదే ఇవీ చేస్తే, పిండి పట్టే చోటే కలిసిపోతే ప్యాకెట్ ముందువైపు ఆ మాట ఎంత పెద్ద అక్షరాల్లో రాసినా లాభం లేదు. అందుకే ప్యాకెట్ తిప్పి వెనక చూడండి. గోధుమ ‘ఉండవచ్చు’ అన్న హెచ్చరిక చిన్న అక్షరాల్లో అక్కడ ఉంటుంది. ముందు గ్లూటెన్ ఫ్రీ, వెనక ఆ హెచ్చరిక ఉన్న ప్యాకెట్లు నా పేషెంట్లు చాలాసార్లు తెచ్చి చూపించారు. మీలాంటివాళ్ళు అవి పక్కన పెట్టడమే మంచిది. బార్లీ మాల్ట్, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, సోయా సాస్ అనే పేర్లు కనిపించినా వద్దు. బార్లీలోనూ గ్లూటెన్ ఉంటుంది, సోయా సాస్‌ని మామూలుగా గోధుమ కలిపే చేస్తారు. ఓట్స్ విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడండి. మామూలు ఓట్స్‌లో గోధుమ, బార్లీ కలిసిపోయి ఉంటాయి. శుభ్రమైన ఓట్స్ కూడా సీలియాక్ ఉన్న కొద్దిమందికి పడవు.

రెండో కారణం అసలు గ్లూటెన్ కాకపోవచ్చు. గోధుమపిండికి ఉండే సాగుడు గుణం గ్లూటెన్ వల్లే వస్తుంది. అది తీసేస్తే బిస్కెట్ పొడిపొడిగా రాలిపోతుంది. అందుకని గార్ గమ్, శాంథన్ గమ్, ఇసబ్గోల్ లాంటివి కలుపుతారు. గార్ గమ్ అంటే మన గోరుచిక్కుడు జాతి గింజల నుంచి తీసిందే. పీచు పెంచడానికి ఇన్యులిన్, తీపికి సార్బిటాల్, రుచికి పాలపొడి, సోయాపిండి, శనగపిండి వేస్తారు. ఇవి పేగులో పులిసి గ్యాస్, విరేచనాలు తెస్తాయి. పైగా సీలియాక్‌లో పేగు పొర పూర్తిగా మానేదాకా పాలలోని లాక్టోజ్ సరిగా అరగదు. మీకు పాలు తాగినా ఇదే బాధ వస్తుందా? ఈసారి గమనించి రాయండి. ఈ కారణంతో వచ్చే ఉబ్బరం బాధ పెడుతుంది గానీ పేగు పొరని దెబ్బతీయదు. దానివల్ల టీటీజీ కూడా పెరగదు.

టీటీజీ గురించి అనుకుంటే మూడో కారణమే నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తోంది. మీ ఉత్తరంలో మధ్యలో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు: ‘మావారికి చపాతీలు చేస్తాను, నేను తినను.’

ఒక్కసారి మీ వంటింట్లో రాత్రి ఏడున్నర గుర్తు తెచ్చుకోండి. డబ్బా మూత తీసి గోధుమపిండి జల్లిస్తారు. సన్నటి పొడి పైకి లేచి స్టవ్ గట్టు మీద, పక్కన మూత పెట్టని పెరుగుగిన్నె మీద వాలుతుంది. ముక్కులోకీ నోట్లోకీ వెళ్తుంది. పిండి కలిపిన చేతులు గబగబా కడిగినా గోళ్ళ సందుల్లో ఉండిపోతుంది. మధ్యలో ఫోన్ వస్తే ఆ చేత్తోనే తీస్తారు. తర్వాత అదే గట్టు మీద మీ అన్నం కంచం పెట్టుకుంటారు. వంటకి తీసుకునే ఒక చిటికెడు గోధుమపిండిలో దాదాపు 25 మిల్లీగ్రాముల గ్లూటెన్ ఉంటుంది. పైన చెప్పిన 10తో పోల్చి చూడండి. అది వారానికోసారి కాదు, ప్రతి రాత్రీ.

మీవారి విషయం కూడా చెప్తాను. షుగర్‌కి చపాతీ మందు కాదమ్మా. రెండు చపాతీలకీ, కొలిచి పెట్టిన కప్పు అన్నానికీ రక్తంలో షుగర్ విషయంలో మనవాళ్ళు అనుకునేంత తేడా లేదు. ఎంత తింటున్నారు, పక్కన కూర, పప్పు ఎంత ఉంది అన్నదే ముఖ్యం. ఆయన చూపించుకునే డాక్టర్‌ని అడిగి రాత్రికి కొలిచిన అన్నం, లేదంటే జొన్న రొట్టె పెట్టండి. ఇంట్లోకి గోధుమపిండి రావడమే ఆగిపోతే మీ సమస్యలో సగం తీరుతుందని నా నమ్మకం. చపాతీ తప్పదంటే ఆయనో, ఇంకొకరో వేరే చోట చేయాలి. మీరు మాత్రం ఆ పిండి ముట్టుకోవద్దు. పాత జల్లెడ, చపాతీ పీట, కర్ర మీ వంటకి వాడకండి. చెక్క పగుళ్ళలో చేరిన పిండి ఎంత కడిగినా పోదు.

తర్వాత పిండి మర. నా దగ్గరికి వచ్చే ఒకావిడ రాగిజావ తాగితే పడటం లేదంటే, రాగుల్లో గ్లూటెన్ ఉండదు కదా అని నేనూ మొదట ఆశ్చర్యపోయాను. ఎక్కడ పట్టిస్తారని అడిగితే వీధి చివరి మరలో అంది. మర దగ్గర గొట్టానికి కట్టిన గుడ్డ మీరూ చూసే ఉంటారు. ముందువాళ్ళ గోధుమపిండి అందులో ఉండగానే మన రాగులు పోస్తారు, చివర్లో ఆ గుడ్డని కర్రతో తట్టి రాలిందంతా మన డబ్బాలో వేస్తారు. బయట కొనే రాగిపిండి, జొన్నపిండి, సజ్జపిండిదీ చాలావరకు ఇదే కథ. కాబట్టి గింజలే కొనండి. చాటలో పోసి గోధుమ గింజలుంటే ఏరేసి, రెండు మూడు నీళ్ళు కడిగి, ఎండబెట్టి ఇంట్లో మిక్సీలోనే పట్టుకోండి. బియ్యప్పిండి, ఇడ్లీ రవ్వ కూడా అంతే.

ఇక ఇంగువ. దుకాణాల్లో దొరికేది చాలావరకు అసలు ఇంగువ కాదు, పిండి కలిపిన ఇంగువ. ఆ పిండి ఎక్కువగా మైదానే. సాంబారు, చారు, పులిహోర, ఊరగాయ, మజ్జిగ తాలింపు.. రోజూ ఎన్నిసార్లు వేస్తామో చూడండి. డబ్బా మీద గోధుమ అని ఉంటే పారేయండి. బియ్యప్పిండితో చేసిన ఇంగువ కూడా దొరుకుతుంది. దొరికేదాకా వెల్లుల్లి తాలింపుతో సరిపెట్టుకోండి. హోటల్లో కారం దోసె అడిగేటప్పుడు కూడా ఆలోచించండి. అదే పెనం మీద రవ్వ దోసె పోస్తారు, ఆ రవ్వ గోధుమదే. బజ్జీల నూనెలో మైసూర్ బజ్జీ కూడా వేగుతుంది, అది మైదా.

చేయాల్సింది ఇది. మూడు నెలలు ప్యాకెట్ ఆహారం మొత్తం ఆపేయండి, గ్లూటెన్ ఫ్రీ అని ఉన్నా సరే. అన్నం, ఇంట్లో రుబ్బిన పిండితో ఇడ్లీ, దోసె, పప్పు, కూరలు, గుడ్లు, పండ్లు, పెరుగు పడితే పెరుగు. చేపల పులుసు ఇంట్లో వండుకుంటే నిక్షేపంగా తినొచ్చు. మనది వరి పండే జిల్లా కావడం ఈ జబ్బులో మీ అదృష్టం. గోధుమే ముఖ్యమైన తిండిగా ఉన్నచోట ఇది చాలా కష్టం. ఒక నోటు పుస్తకంలో తిన్నది, టైము, బాధ రాసుకోండి. మూడు నెలల తర్వాత టీటీజీ మళ్ళీ చేయించండి. దాంతోపాటు హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12, ఫోలేట్, విటమిన్ డి, థైరాయిడ్ కూడా చూడాలి. మీ నీరసానికీ, నోటి పుండ్లకీ ఐరన్, బీ12 లోపం కారణం కావచ్చు. టీటీజీ దిగితే అప్పుడు ఒక్కో ప్యాకెట్‌నీ వారానికొకటి చొప్పున కొంచెం కొంచెంగా తిని చూడొచ్చు. ఒకేసారి రెండు మొదలుపెట్టొద్దు, ఏది పడలేదో తెలియదు. పడని ప్యాకెట్‌ని బ్యాచ్ నంబర్‌తో సహా దాచి, ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు చేయండి. అది మీ హక్కు.

ఇంత చేసినా టీటీజీ దిగకపోతే, బరువు తగ్గుతున్నా, నిద్రలోంచి లేచి విరేచనానికి వెళ్ళాల్సి వస్తున్నా, మలంలో రక్తం పడినా ఆలస్యం చేయకుండా గ్యాస్ట్రో డాక్టర్‌ని కలవండి. ఎండోస్కోపీ మళ్ళీ అవసరం కావచ్చు. తిన్న కొద్ది నిమిషాల్లోనే దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం వస్తే అది సీలియాక్ కాదు, అలర్జీ. అప్పుడు నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

పాపకి మాత్రం ఇప్పుడే గోధుమ మాన్పించకండి. తల్లికి సీలియాక్ ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం మామూలు పిల్లలకంటే ఎక్కువ, అందుకే తనకి పరీక్ష తప్పనిసరి. కానీ గోధుమ ఆపేశాక పరీక్ష చేస్తే జబ్బు ఉన్నా రిపోర్టు నార్మల్‌గా వచ్చే ప్రమాదం ఉంది. ఇల్లంతా గోధుమ లేకుండా చేసేముందే, తను మామూలుగా తింటున్న ఈ రోజుల్లోనే టీటీజీ ఐజీఏ, దాంతోపాటు మొత్తం ఐజీఏ (ఐజీఏ అంటే ఒక రకం యాంటీబాడీ) చేయించండి. తన ఎత్తు, బరువు వివరాలు కూడా రాసుకుని ఆ రిపోర్టుతో పిల్లల డాక్టర్‌కి చూపించండి. మీ వంటింటి మార్పులు ఆ మర్నాడు మొదలుపెట్టొచ్చు, పాపకి గోధుమ ఆపడం మాత్రం పిల్లల డాక్టర్ చెప్పాకే.