ఇంటిపేరు కలిస్తే చుట్టరికం కలిసినట్టేనా?

ప్రశ్న: మా కోడలిది అమెరికాలో బోస్టన్ దగ్గర ఊరు. 1620లో ఇంగ్లండు నుంచి మేఫ్లవర్ ఓడలో అమెరికా వెళ్ళిన స్టీఫెన్ హాప్కిన్స్ తమ మూలపురుషుడని వాళ్ళింట్లో చెప్పుకుంటారు. మనవడి కోసం వంశవృక్షం రాద్దామని ఇంటర్నెట్‌లో వెతికితే, ఆయనది ఇంగ్లండులో గ్లాస్టర్‌షైర్ అని ఒకచోట, హాంప్‌షైర్ అని ఇంకోచోట ఉంది. మొదటి భార్య పేరూ ఒక్కోచోట ఒక్కోలా ఉంది. ఏది రాయాలి?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: హాంప్‌షైర్ అనే రాయండి, భార్య పేరు మేరీ. గ్లాస్టర్‌షైర్‌లోని వాటన్-అండర్-ఎడ్జ్ ఆయన ఊరని, భార్య కాన్‌స్టన్స్ డడ్లీ అని చాలా ఏళ్ళు ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ పోయారు, గట్టి ఆధారం ఏదీ లేకుండానే. 1998లో కేలబ్ జాన్సన్ అనే పరిశోధకుడు హాంప్‌షైర్‌లో హర్స్‌లీ అనే ఊరి చర్చి రిజిస్టర్‌లో స్టీఫెన్ పిల్లల బాప్టిజం నమోదు పట్టుకున్నారు: ఎలిజబెత్, కాన్‌స్టన్స్, జైల్స్. హాప్కిన్స్ అనే ఇంటిపేరు ఇంగ్లండులో ఎన్నో ఊళ్ళలో ఉంది, ఇంటిపేరు ఒక్కటీ చూసి చుట్టరికం కలిపేస్తే మన దగ్గర ఎంత తప్పో అక్కడా అంతే. కానీ ఇక్కడ పిల్లల పేర్లూ సరిపోయాయి: మేఫ్లవర్‌లో వెళ్ళినవాళ్ళు అమెరికాలో పెట్టుకున్న ప్లిమత్ అనే వలసకు గవర్నరైన విలియం బ్రాడ్‌ఫర్డ్ ఓడలో వచ్చినవాళ్ళ పేర్లు రాస్తూ, జైల్స్, కాన్‌స్టన్స్ ఇద్దరూ హాప్కిన్స్ మొదటి భార్య పిల్లలని స్పష్టంగా రాశాడు. అదీగాక 1613లో మేరీ చనిపోయినప్పుడు ఆమె ఆస్తి కాగితాల్లో ఆ ముగ్గురు పిల్లల పేర్లూ ఉన్నాయి. అప్పుడు తండ్రి ఊళ్ళో లేడు, ఎందుకంటే ఆయన 1609లోనే సీ వెంచర్ అనే ఓడెక్కి, అది బెర్ముడా దగ్గర పగిలిపోతే ప్రాణాలతో బయటపడి, అమెరికాలోని జేమ్స్‌టౌన్ చేరాడు. తల్లి పోయి, తండ్రి సముద్రాల అవతల ఉన్న ఆ పిల్లల్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

అయితే మీకు అసలు కష్టం హర్స్‌లీలో లేదు, మధ్య తరాల్లో ఉంది. హాప్కిన్స్ దగ్గర మొదలుపెట్టి కిందికి రావద్దు, మీ కోడలి దగ్గర మొదలుపెట్టి ఒక్కో తరం పైకి వెళ్ళండి, ప్రతి మెట్టుకూ ఒక కాగితం చూపించగలగాలి. మసాచుసెట్స్‌లో చాలా ఊళ్ళకు 1850 వరకూ జనన, వివాహ, మరణ రికార్డులు పుస్తకాలుగా అచ్చయ్యాయి. మేఫ్లవర్ వంశీకుల సంఘం (1897లో పెట్టింది) మొదటి ఐదు తరాల వివరాలు ఆధారాలతో ప్రచురించింది, కాబట్టి హాప్కిన్స్ నుంచి లెక్కేస్తే ఆరో తరం దాకా మీరు ఎక్కగలిగితే పని దాదాపు అయినట్టే. 1800 ప్రాంతంలో కుటుంబం న్యూయార్క్ రాష్ట్రం వైపు వెళ్ళిపోయి ఉంటే మాత్రం టెన్షనే, అక్కడ అప్పట్లో పుట్టుకలు రాసిపెట్టే పద్ధతి సరిగా లేదు, వీలునామాలు, భూమి దస్తావేజులు, సమాధి రాళ్ళే దిక్కు.

తేదీలతో కూడా జాగ్రత్త. 1752కి ముందు ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది, అందుకే జైల్స్ బాప్టిజం రిజిస్టర్‌లో 1607 జనవరి అని ఉంటే మన లెక్కలో అది 1608. రెండూ కలిపి 1607/8 అని రాసుకోండి. అన్నిటికంటే ముందు మీ వియ్యపురాలిని ఒక మాట అడగండి, పాత కుటుంబ బైబిల్ ఏమైనా ఉందా అని. పుట్టుకలూ చావులూ దాని మధ్య పేజీల్లో చేత్తో రాసుకునేవారు.