విండోస్ 11 వేశాక సి డ్రైవ్‌కి తాళం పడిందా? తీసే ముందు ఆ 48 అంకెలు రాసుకోండి

విండోస్ 10 లాప్‌టాప్‌లో 11 వేయించాక సి డ్రైవ్ మీద తాళం బొమ్మ వచ్చింది, నేనేదీ ఆన్ చెయ్యలేదు, తీసేస్తే ఫైల్స్ పోతాయా అని కదా అడిగారు. పోవండి. ఆ తాళం బొమ్మ బిట్‌లాకర్‌ది, అంటే డ్రైవ్‌లో ఉన్నదాన్ని చెవి లేకుండా ఎవరూ చదవలేని రూపంలోకి మార్చే (ఎన్‌క్రిప్షన్) విండోస్ ఏర్పాటు. దాన్ని ఆఫ్ చేస్తే డ్రైవ్‌లో ఉన్నదంతా ఉన్నచోటే మళ్ళీ మామూలుగా మారుతుంది, ఫార్మాట్ ఏమీ అవ్వదు. కానీ ఆ ఆఫ్ బటన్ నొక్కే ముందు ఒక్క పని చెయ్యండి, ఇవాళే చెయ్యండి. లాప్‌టాప్ బానే ఆన్ అవుతున్నప్పుడే రికవరీ కీ, అంటే తాళం మొరాయిస్తే తెరవడానికి అడిగే ఆ 48 అంకెలు, కాగితం మీద రాసిపెట్టుకోండి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మా అక్కావాళ్ళింట్లో రెండు రోజులు నరకం చూశాం.

మా బావ తెనాలిలో అకౌంట్స్ రాస్తారు, చిన్న షాపుల వాళ్ళకి జీఎస్టీ రిటర్నులు వేస్తారు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది కదా, అందుకని దగ్గర్లో ఉన్న ఒక షాపులో ఇచ్చి 11 వేయించారు. ఆ షాపు కుర్రాడు సి డ్రైవ్ తుడిచేసి కొత్తగా వేశాడు, డి డ్రైవ్‌లో ఉన్న టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటా కదపలేదు, అంతవరకు బానే ఉంది, కానీ సెటప్ మధ్యలో మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడిగితే బావ అక్కడ లేరని తన మెయిల్ ఐడీయే కొట్టేశాడు. బావకి ఆ సంగతి తెలీదు. స్టార్ట్ మెనూలో ఎవరిదో పేరు కనిపిస్తే షాపు పేరనుకున్నారట. నెల రోజులు ఏ ఇబ్బందీ లేదు. తర్వాత ఒక 18వ తారీఖు పొద్దున ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అడిగితే సరే అని నొక్కారు, రీస్టార్ట్ అయి నీలం స్క్రీన్ వచ్చి కూర్చుంది, రికవరీ కీ ఎంటర్ చెయ్యమని, దాని కింద పొడుగ్గా కీ ఐడీ. 20వ తారీఖులోపు త్రీబీలు (జీఎస్టీ రిటర్నులు) వెయ్యాలి, పదిహేను మంది క్లయింట్ల లెక్కలు అందులోనే ఉన్నాయి.

అసలు ఎందుకు అడుగుతుందంటే, డ్రైవ్ తాళంచెవి మదర్‌బోర్డు మీదుండే టీపీఎం అనే చిప్ దగ్గర భద్రంగా ఉంటుంది. ఆన్ చేసినప్పుడల్లా ఆ చిప్ బూట్ అయ్యే దారంతా ముందటిలాగే ఉందా లేదా చూసుకుని, ఉంటేనే చెవి ఇస్తుంది. బయాస్ (ఆన్ అవ్వగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాం, ఫర్మ్‌వేర్ అన్నది దాన్నే) అప్‌డేట్ అయినా, అందులో సెక్యూర్ బూట్ అనే సెట్టింగ్ మార్చినా, మదర్‌బోర్డు మార్చినా దానికి కొత్త మనిషిని చూసినట్టే, ఇవ్వనంటుంది, అప్పుడు మనల్ని 48 అంకెలు అడుగుతుంది. అవి లేకపోతే ఏ రికవరీ సెంటర్ వాళ్ళూ ఏమీ చెయ్యలేరు, ఎస్ఎస్‌డీ ఊడదీసి ఇంకో సిస్టంలో పెట్టినా అదే ప్రశ్న.

బావ చూస్తే వాళ్ళ సొంత మెయిల్‌తో మైక్రోసాఫ్ట్ సైట్‌లో లాగిన్ అయి మూడుసార్లు చూశారు, అక్కడ ఏ కీ లేదు. నాకు ఫోన్ చేస్తే గుంటూరు నుంచి వెళ్ళాను. సెటప్ ఎవరి మెయిల్‌తో చేశారు అని నేనడిగేదాకా ఆ ఆలోచనే రాలేదు ఎవరికీ. షాపుకి ఫోన్ చేస్తే ఆ కుర్రాడు ఏదో పెళ్ళికని ఊరెళ్ళాడు. మర్నాడు సాయంత్రానికి దొరికాడు, పాపం విషయం చెప్పగానే ఫోన్‌లోనే తన అకౌంట్ తెరిచాడు, తీరా చూస్తే అందులో షాపులో వేసిన సిస్టమ్స్ అన్నిటి కీలూ వరసగా ఉన్నాయి, పేర్లన్నీ డెస్క్‌టాప్ అని మొదలయ్యేవే. స్క్రీన్ మీదున్న కీ ఐడీలో మొదటి ఎనిమిది అక్షరాలు చదివితే దానితో సరిపోయే కీ దొరికింది.

ఇక అంకెలు. ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. కుర్రాడు గబగబా ఇంగ్లీషులో చదువుతున్నాడు, అక్క పాల లెక్క పుస్తకం వెనక పేజీలో రాస్తోంది, పక్కన పెళ్ళి బాజాలు, ఫైవ్ అన్నాడో నైన్ అన్నాడో తెలీట్లేదు. కొడితే మూడో గుంపు దగ్గర తప్పని వచ్చింది. ఇక్కడ ఒక విషయం ఎవరికైనా పనికొస్తుంది, ఆ కీలో ప్రతి ఆరంకెల గుంపూ 11తో నిశ్శేషంగా భాగించబడాలి, అలా తయారుచేస్తారు. అక్క రాసింది 493585, ఫోన్ కాలిక్యులేటర్‌లో 11తో భాగిస్తే పోలేదు, నైన్ బదులు ఫైవ్ పెట్టి 453585 చేస్తే సరిగ్గా 41235 వచ్చింది. మిగతా ఏడు కూడా అలాగే చూసుకుని కొట్టాం, తెరుచుకుంది. అక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నిజంగానే.

ఇప్పుడు మీ సంగతికొద్దాం. విండోస్ 11 ఇరవైనాలుగు హెచ్‌టూ వెర్షన్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా సిస్టమ్స్‌లో హోమ్ ఎడిషన్ అయినా సరే ఎన్‌క్రిప్షన్ తనంతట తనే ఆన్ అవుతుంది, కీ ఆ అకౌంట్‌లోకి వెళ్ళిపోతుంది. కొన్ని లాప్‌టాప్‌లకైతే విండోస్ 10 ఉన్నప్పుడే ఆన్ అయి ఉంటుంది, మనం ఎప్పుడూ చూసుకోం. కాబట్టి ముందు మీ కీ ఎవరి అకౌంట్‌లో ఉందో తేల్చండి. అది తేలకపోయినా కంగారు లేదు, మీరు అడ్మిన్‌గా లాగిన్ అవ్వగలుగుతున్నారు కాబట్టి కీ మీ లాప్‌టాప్ నుంచే తీసుకోవచ్చు. స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఇవ్వండి, నల్ల విండోలో మేనేజ్ అనే మాట, హైఫన్, బీడీఈ అనే మూడక్షరాలు, స్పేస్, హైఫన్ ప్రొటెక్టర్స్, స్పేస్, హైఫన్ గెట్, స్పేస్, సి కోలన్, ఇలా ఇంగ్లీషులో టైప్ చేసి ఎంటర్ కొట్టండి, 48 అంకెలూ అక్కడే కనపడతాయి. ఫోటో తీసుకుని వదిలెయ్యకండి, కాగితం మీద రాయండి, ఆ ఫోటో ఇదే లాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుని ఫోన్‌లో డిలీట్ చేసిన వాళ్ళని చూశాను. డి డ్రైవ్ ఉంటే దానికి వేరే కీ ఉంటుంది, సి బదులు డి పెట్టి అదీ రాసుకోండి.

తాళం పక్కన పసుపు పచ్చ త్రికోణం ఉండి, ఆ కమాండ్‌కి కీ ప్రొటెక్టర్స్ ఏవీ లేవని వస్తే మాత్రం భయపడొద్దు. లోకల్ అకౌంట్ వాడేవాళ్ళకి అలా ఉంటుంది, డేటా ఎన్‌క్రిప్ట్ అయింది గానీ తాళం ఇంకా పూర్తిగా వెయ్యలేదని అర్థం. రాసుకోవడానికి అసలు కీయే ఉండదు, నేరుగా ఆఫ్ చేసెయ్యొచ్చు.

ఆఫ్ చెయ్యడం పెద్ద పనేం కాదు. ముఖ్యమైన ఫైల్స్ ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి, ఛార్జర్ పెట్టండి. హోమ్ ఎడిషన్ అయితే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో డివైస్ ఎన్‌క్రిప్షన్, అది ఆఫ్. ప్రో అయితే కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్ డ్రైవ్ ఎన్‌క్రిప్షన్‌కి వెళ్ళి టర్న్ ఆఫ్. అందులో ఆటో అన్‌లాక్ (సి తెరుచుకుంటే డి కూడా తనే తెరుచుకోవడం) వల్ల సి ఆఫ్ అవ్వనంటే ముందు డి ఆఫ్ చేసి ఆ తర్వాత సి చెయ్యండి. బావ లాప్‌టాప్ 512 జీబీ ఎస్ఎస్‌డీ, ముప్పావుగంట పైన పట్టింది, మా పక్కింటి వాళ్ళ పాత హార్డ్ డిస్క్ సిస్టమ్‌కైతే రాత్రంతా నడిచింది. మధ్యలో వాడుకోవచ్చు, రీస్టార్ట్ అయినా ఆగినచోట నుంచి మొదలవుతుంది, నేనైతే మధ్యలో ముట్టుకోను. అయిందో లేదో చూడాలంటే పైన చెప్పిన కమాండ్‌లోనే బీడీఈ తర్వాత స్పేస్ ఇచ్చి హైఫన్ స్టేటస్ అని మాత్రం కొట్టండి, ఫుల్లీ డీక్రిప్టెడ్ అని వచ్చేదాకా అయిపోయిందనుకోవద్దు.

బయాస్ అప్‌డేట్ కోసమో ర్యామ్ వేయించడానికో తాళం అడ్డమొస్తోంది అనుకుంటే మాత్రం మొత్తం ఆఫ్ చెయ్యక్కర్లేదు. ప్రోలో సస్పెండ్ ప్రొటెక్షన్ అని ఉంటుంది, తాళం తీసి తలుపు దగ్గరికి వేసినట్టు. పనయ్యాక రెజ్యూమ్ నొక్కండి. బావ ఆ రోజు పొద్దున ఇది చేసుంటే నీలం స్క్రీనే వచ్చేది కాదు. విండోస్ పక్కన ఉబుంటు (ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకోవాలంటే మాత్రం దాని ఇన్‌స్టాలర్ బిట్‌లాకర్ ఆఫ్ చేసి రమ్మనొచ్చు.

బావ విషయంలో మేం ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేశాం. కారణం ఉంది. పాత కీ ఆ షాపు కుర్రాడి అకౌంట్‌లోనే ఉండిపోతుంది, పైగా లాప్‌టాప్‌లో అడ్మిన్ కూడా వాడే. అందుకని బావ మెయిల్‌తో కొత్త అడ్మిన్ యూజర్ చేశాం, టాలీ పెన్‌డ్రైవ్‌లోకి తీశాం, కుర్రాడి యూజర్ తీసేశాం, రెండు డ్రైవ్‌లూ పూర్తిగా డీక్రిప్ట్ అయ్యాక మళ్ళీ ఆన్ చేస్తే కొత్త కీ పుట్టి బావ అకౌంట్‌లోకి వెళ్ళింది. మీకూ ఎవరో వేసిచ్చారు కదా, మీ సెట్టింగ్స్‌లో అకౌంట్స్ తెరిచి ఎవరి మెయిల్ ఉందో ఒకసారి చూడండి. షాపు వాళ్ళదే అయితే మీరూ ఇదే దారి పట్టాలి.

ఆఫ్ చేసి అలాగే వదిలెయ్యడమా అంటే, ఇంట్లో బల్ల మీద నుంచి కదలని సిస్టమ్, అందులో సినిమాలూ పిల్లల హోంవర్కూ ఉంటే ఆఫ్‌లో ఉంచుకోండి, నేనూ మా ఇంట్లో దానికి అలాగే ఉంచాను. బావ మాత్రం స్కూటీ మీద బ్యాగులో వేసుకుని తిరుగుతారు, జనాల పాన్ కార్డులు, ఆధార్ కాపీలు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు అన్నీ అందులో ఉంటాయి, ఆ బ్యాగు బస్టాండ్‌లో పోతే వాళ్ళందరికీ ఏం సమాధానం చెప్తారు. ఆయనకి నేను ఆఫ్‌లో వదిలెయ్యనివ్వలేదు. కొత్త కీలు రెండూ అక్క పెద్దక్షరాలతో రాసి బీరువాలో ఎల్ఐసీ బాండ్ల కవర్‌లో పెట్టింది, ఇంకో కాపీ నా దగ్గర ఉంది.

ముందు ఆ స్టేటస్ కమాండ్ కొట్టి ఏమొచ్చిందో ఇక్కడ పెట్టండి, కీ అంకెలు మాత్రం పెట్టకండి, ఇక్కడే కాదు ఎక్కడా పెట్టకండి. మీది హోమా ప్రోనా, డి డ్రైవ్ ఉందా లేదా చెప్తే మిగతాది చూసి చెప్తాను.