చెట్లు అడ్డమొచ్చే గోల్ఫ్

ప్రశ్న: మా అబ్బాయి లాస్ ఏంజిలిస్ దగ్గర ఉంటాడు. వచ్చే నెల నేనూ మా ఆవిడా వెళ్తున్నాం. వాడు శనివారం వస్తే చాలు, సంచిలో నాలుగు ప్లాస్టిక్ పళ్ళేలు వేసుకుని చెట్లలోకి పోతాడు. డిస్క్ గోల్ఫ్ అట. ‘నాన్నా, నువ్వూ ఆడాలి’ అని ఇప్పట్నుంచే పోరు. నాకు 59 ఏళ్ళు, మోకాళ్ళు అంతంతమాత్రం. గోల్ఫ్ డబ్బున్నవాళ్ళ ఆట కదా మాస్టారూ? నవ్వులపాలవుతానేమోనని టెన్షన్.
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అవుతారండీ, నేనూ అయ్యాను. కాకపోతే అక్కడ నవ్వేది మీ అబ్బాయి ఒక్కడే, మిగతావన్నీ చెట్లు.

పటమటలో పిల్లలకు డ్రిల్లు చెప్పి రిటైరైనవాణ్ణి. అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు అల్లుడు నన్ను పాసడీనాలోని హహమోంగ్నా పార్కుకి తీసుకెళ్ళాడు. పక్కనే జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ, అంటే వేరే గ్రహాలకు నౌకలు పంపేవాళ్ళు. ఇటు ఓక్ చెట్ల మధ్య మేం పళ్ళేలు విసురుకుంటూ ఉన్నాం. ఈ ఆటకి ప్రపంచంలో మొదటి శాశ్వత కోర్సు, అంటే ఆట స్థలం, పడింది 1975లో అక్కడే. అప్పట్లో దాని పేరు ఓక్ గ్రోవ్ పార్క్. వేసినాయన ఎడ్ హెడ్రిక్, ఫ్రిస్బీలు చేసే వామ్-ఓ కంపెనీలో పనిచేసినవాడు. మొదట పాతిన గుంజలకే గురి. తర్వాత ఆయనే గొలుసులు వేలాడే ఇనుప బుట్ట తయారుచేశాడు. డిస్కు గొలుసులకు తగిలి ఝల్లుమని బుట్టలో పడుతుంది. ఆ చప్పుడు ఒక్కసారి వింటే చాలు, ఇంటికి వెళ్దామంటే కాళ్ళు కదలవు. హెడ్రిక్ 2002లో పోయాక, ఆయన కోరిక ప్రకారమే చితాభస్మం కలిపి డిస్కులు పోశారు. మనం కృష్ణలో కలుపుతాం, ఆయన ఆటలో కలిశాడు.

డబ్బు సంగతి: అక్కడ చాలా కోర్సులు పబ్లిక్ పార్కుల్లోనే, టికెట్ లేకుండా ఉంటాయి. కొత్తవాడికి ఒక్క పటర్ డిస్కు, అంటే దగ్గర నుంచి బుట్టలోకి వేసేది, చాలు. దూరం విసరడానికి వాడే, అంచు పదునుగా ఉండే డ్రైవర్ డిస్కు జోలికి ఇప్పుడే పోకండి. అది వేగంగా విసిరేవాడి మాటే వింటుంది.

ఆటలో పెద్ద చిక్కేం లేదు. టీ, అంటే ప్రతి బుట్టకీ ఆట మొదలుపెట్టే చోటు, అక్కడి నుంచి విసరాలి, పడ్డచోటు నుంచి మళ్ళీ విసరాలి, బుట్టలో పడేదాకా అంతే. ఎన్ని తక్కువ విసుర్లైతే అంత మంచిది. పరుగెత్తి విసరాలన్న రూలు లేదు, నిలబడి విసరండి. మీ మోకాళ్ళకి అసలు పని 18 బుట్టలు తిరిగే నడక, ఎత్తుపల్లాలు. పట్టున్న బూట్లు కొనుక్కుని వెళ్ళండి.

మొదటి బుట్టకి నేను ఉన్న బలమంతా పెట్టాను. డిస్కు ఎదురుగా ఉన్న ఓక్ మానుకి తగిలి, నేను నిలబడ్డ చోటికన్నా వెనక్కి వచ్చి పడింది. అల్లుడు నవ్వు ఆపుకుని ‘మావయ్యగారూ, చెట్టు మీకంటే బాగా విసిరిందండీ’ అన్నాడు. చెట్లలో బలం పనికిరాదు, సందు చూసుకోవాలి. స్కూల్లో రింగాట ఆడే ఉంటారుగా, అదే మణికట్టు విసురు. బొంగరం చూడండి, వేగం తగ్గగానే ఒక పక్కకి ఒరుగుతుంది. డిస్కూ అంతే. కుడిచేత్తో, అరచేయి మీ వైపు పెట్టి విసిరితే చివర్లో ఎడమకి వాలుతుంది. కాబట్టి గురి కాస్త కుడికి పెట్టాలి. ఇది తెలుసుకునేసరికి నాకు ఆరు బుట్టలు పట్టింది. డ్రిల్లు మాస్టారిని!

ఇంకో మాట. మీరు విసరాల్సినచోట కొమ్మ అడ్డంగా ఉందనుకోండి, విరవకూడదు, పట్టుకుని పక్కకి లాగకూడదు. ఉన్నవాటిలో కొమ్మ తక్కువ కదిలే చోటు చూసుకుని నిలబడాలి. ఇది మర్యాద కాదు, రూలు. నేను ఓసారి దాదాపు గుంజీలు తీసే భంగిమలో విసిరాను. డిస్కు కొమ్మల్లో ఇరుక్కుంటే దాని సరిగ్గా కింద నేలమీద నుంచి ఆడొచ్చు. మామూలుగా దానికి జరిమానా ఉండదు.

కాలిఫోర్నియా పొదల్లో పాయిజన్ ఓక్ అనే మొక్క ఉంటుంది. మూడేసి ఆకులు గుత్తిగా ఉంటాయి. తగిలితే దద్దుర్లు, రోజుల తరబడి దురద. వెళ్ళగానే దాన్ని చూపించమని మీ అబ్బాయిని అడగండి. డిస్కు పొదలో పడిందని ఆత్రంగా చెయ్యి మాత్రం పెట్టకండి.

ప్రశ్న: మాస్టారూ, కొండపల్లి అడవిలో మేమే గుర్తులు పెట్టుకుని ఆడుకోవచ్చా? బుట్టలు కొనే స్థోమత లేదు.
– ఇంజనీరింగ్ విద్యార్థులు, ఇబ్రహీంపట్నం

జవాబు: వద్దు నాయనా. అది రిజర్వ్ ఫారెస్టు. బొమ్మలు చేసే పొణికి కర్రకి పేరున్న కొండలవి. ఫారెస్టువాళ్ళ అనుమతి లేకుండా అక్కడ ఏదీ కట్టకూడదు, కొట్టకూడదు. కొంగలూ గూడబాతులూ గూళ్ళు పెట్టే ఉప్పలపాడు చెరువు సంగతి అసలు అడగనే అడగొద్దు.

తెలిసినవాళ్ళ మామిడితోట చూసుకోండి. బుట్టకి బదులు వెదురు గంప తిరగేసి పెట్టండి, తగిలితే పడినట్టే. ఏ మాను గురో చెప్పుకుని ఆడినా ఆటే. గురికి ముసలి మానులే పెట్టుకోండి, లేతమొక్కల బెరడు లేచిపోతుంది. 175 గ్రాముల మామూలు ఫ్రిస్బీ సరిపోతుంది. కాలం మాత్రం చూసుకోవాలి. వానలు తగ్గాక, పూత రాకముందు. ఆగిరిపల్లి దగ్గర మా స్నేహితుడి తోటలో నేను ఉగాది ముందు ఆడి గుత్తి పిందెలు రాల్చాను. కాయల కాలం వచ్చాక వాడు నాకిచ్చే బుట్టలోంచి లెక్కపెట్టి మరీ తీసేశాడు. గడ్డి పెరిగినచోట కర్రతో తడుముకుంటూ నడవండి, పాములుంటాయి.

ప్రశ్న: డిస్కు పోతే?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం

జవాబు: పోటీల్లో అయితే మూడు నిమిషాలు వెతకాలమ్మా. దొరక్కపోతే ఒక విసురు జరిమానా. అల్లుడు గుర్తుగా ఇచ్చిన డిస్కుతో బందరు కాలవ గట్టు మీద ప్రాక్టీసు చేస్తూ, ఎడమకి వాలుతుందన్న సంగతి మళ్ళీ మర్చిపోయాను. గోల్ఫ్ డిస్కులు చాలావరకు నీళ్ళలో మునుగుతాయి. మూడు నిమిషాలు కాదు, కాలవ కట్టేసేదాకా ఆగి వెతికాను. రెండు చెప్పులూ, ఒక స్టీలు గిన్నే దొరికాయి.